నలభై గిన్నెల మొక్కు

ఇరాన్ పంచాంగంలో ఆజర్ నెల పద్నాలుగో తేదీ, మంగళవారం. ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు హబీబుల్లా విడిది ఇంటి రెండో అంతస్తులో, స్నానాల గది గుమ్మంలో పడిపోయాడు.

అతని భార్య బెమానీ అప్పుడు స్టవ్ మీద నుంచి టీ కెటిల్ దించుతోంది. కూతురు రాహెలె రొట్టెల కోసం వీధి చివరికి వెళ్ళింది. పడిన చప్పుడు బెమానీకి వినిపించలేదు. తువ్వాలు ఆరేసే కడ్డీ ఊడి నేల మీద దొర్లిన చప్పుడు వినిపించింది. వెళ్ళి చూసేసరికి హబీబుల్లా గుమ్మానికి అడ్డంగా ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి. "గాలి" అన్నాడు.

పదమూడు వారాల కిందట అతనికి రెండు ఊపిరితిత్తులూ మార్చారు. మేబొద్‌లో జంపఖానాలు నేసే మనిషి అతను. ఇరవై ఏళ్ళ వయసులో, ఇరాక్‌తో యుద్ధంలో, ఫావ్ దగ్గర గ్యాసు పీల్చాడు. ఆ గ్యాసు ముప్పై ఒక్క ఏళ్ళపాటు తినగా మిగిలినవాటిని టెహ్రాన్‌లో, కొండ కింది ఆసుపత్రిలో తీసేసి, పేరు చెప్పని ఎవరివో కుట్టారు. నాలుగో వారంలో ఎడమ కాలి సిరలో రక్తం గడ్డ కనిపించింది. అప్పటినుంచి రోజూ రాత్రి తొమ్మిదికి రక్తాన్ని పల్చగా ఉంచే మాత్ర, వారానికోసారి పరీక్ష. పరీక్షలో వచ్చే అంకె రెండుకీ మూడుకీ మధ్య ఉండాలి. కిందటి మంగళవారం రెండున్నర వచ్చింది. ఆ సాయంత్రం హబీబుల్లా విడిది మెట్లు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కాడు.

బెమానీ మర్నాడే మొక్కు తీర్చడం మొదలుపెట్టింది.

ఆమెకు ముందు పుట్టిన నలుగురూ పోతే, ఐదో బిడ్డకు తల్లి పెట్టుకున్న పేరు బెమానీ. నిలిచి ఉండు అని. మొక్కుల వల్లే తాను నిలిచానని చిన్నప్పటినుంచి వింటూ పెరిగిన మనిషి. మొక్కి మరిచిపోయేవాళ్ళలో ఆమె లేదు.

ఏడూ ఇరవై ఐదుకు అంబులెన్స్ ఆసుపత్రి చేరింది. ఎనిమిదీ పదికి స్కాన్ తీశారు. తొమ్మిదికి ముగ్గురిని లోపలికి పిలిచారు: బెమానీని, రాహెలెను, ఆదివారమే ఊరినుంచి వచ్చిన హబీబుల్లా అన్న రజబ్ అలీని.

డాక్టర్ పర్తోవీ తెర మీద ఉన్న బొమ్మ వైపు చూపుడువేలు చాపింది. ఆమెకు యాభై దాటి ఉంటాయి. ఆపరేషన్ రోజునుంచీ హబీబుల్లాను చూస్తున్నది ఆమే.

"కాల్లో ఉన్న గడ్డ పెరిగింది. కొంత ముక్క తెగి పైకి వచ్చి ఇక్కడ ఇరుక్కుంది, కుడి ఊపిరితిత్తిలో. మామూలు ఊపిరితిత్తికి రెండు దారుల్లో రక్తం వెళ్తుంది. ఒకటి మూసుకుపోతే ఇంకోటి కాస్త ఆదుకుంటుంది. మార్చి కుట్టినదానికి ఒకటే దారి. రెండోది కుట్టడం కుదరదు. ఆ ఒక్క దారిలోనే గడ్డ ఉంది."

"తీసెయ్యండి మరి," అన్నాడు రజబ్ అలీ.

"కరిగించే మందు ఉంది. ఎక్కించే ముందు నాకు ఒక సంగతి తెలియాలి. ఈ ఉదయం అంకె ఒకటీ పాయింట్ రెండు. అంటే మాత్ర అసలు వేసుకోని మనిషి రక్తంలా ఉంది." ఆమె రాహెలె వైపు తిరిగింది. "రాత్రి మాత్ర ఎవరు ఇస్తారు?"

"నేనే."

"రోజూ?"

"రోజూ, డాక్టర్ గారూ. ఫోన్‌లో అలారం పెట్టుకున్నా."

"మింగడం చూస్తావా?"

"నోరు తెరిపించి మరీ చూస్తా. నేను నీ బళ్ళో పిల్లాడినా అని నాన్న కసురుకుంటాడు." రాహెలె మేబొద్‌లో చిన్న తరగతుల పంతులమ్మ. మూడు నెలలు సెలవు పెట్టి వచ్చింది.

"అలారం పెట్టిందట," అన్నాడు రజబ్ అలీ. "ఆ ఫోను పొద్దస్తమానం మోగుతూనే ఉంటుంది డాక్టర్ గారూ. ఏది మాత్ర కోసం మోగిందో, ఏది స్నేహితురాలి కోసం మోగిందో దానికే తెలీదు."

"పెదనాన్నా, మీరొచ్చి రెండు రోజులే అయింది."

"అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలు."

"ఆ మెతుకు మీరు పట్టి చూశారా? నిన్న తొమ్మిదింటికి మీరు గురక పెడుతున్నారు."

"హాజీ గారూ," అంది డాక్టర్. "మీరు కాసేపు ఊరుకోండి." ఆమె స్వరం పెరగలేదు. "చూడమ్మా, నేను తప్పు పట్టడానికి అడగడం లేదు. రాత్రి మాత్ర తప్పిందంటే, ఊపిరితిత్తిని ఒంట్లో నిలబెట్టే మాత్రలు కూడా తప్పి ఉండొచ్చు. అప్పుడు దానికి వేరే వైద్యం మొదలుపెట్టాలి. అదీ ఇదీ కలిస్తే లోపల రక్తం కారుతుంది. తప్పకపోతే అది అక్కర్లేదు. అందుకే అడుగుతున్నా. ఒక్క రాత్రైనా తప్పిందా?"

రాహెలె తల అడ్డంగా ఊపింది. ఊపుతూనే ఏడ్చింది.

"తప్పలేదు," అంది బెమానీ. "నేను పక్కనే ఉన్నా. ఒక్క రాత్రి కూడా తప్పలేదు. పిల్లని ఏమీ అనకండి."

"మరి తిండి?"

"తిండికి నేను పూచీ." బెమానీ కుర్చీలో ముందుకు జరిగింది. ఇది తాను జవాబు చెప్పగల ప్రశ్న. "మీ నర్సమ్మ చెప్పినట్టే చేశాను. సబ్జీ ముట్టనివ్వలేదు. మూడు నెలలు సుఫ్రా గుడ్డ మీద సబ్జీ పళ్ళెం పెడితే ఒట్టు. రొట్టె, జున్ను పెట్టుకుని, గోడ నములుతున్నట్టుందే అనేవాడాయన. అయినా ఇవ్వలేదు. ఆ విడిదిలో ఎవర్నైనా అడగండి."

ఆమె చెప్పింది నిజమే. డిశ్చార్జి రోజున రెండు కాగితాలు చేతికిచ్చారు. ఒక దాంట్లో పచ్చి సబ్జీ వద్దని ఉంది, మట్టిలో క్రిములు ఉంటాయి కాబట్టి. రెండోది రాత్రి మాత్రతోపాటు వచ్చిన కాగితం. సబ్జీ మితంగా, రోజూ ఒకే కొలతలో అని ఉంది. రెండూ రాహెలె చదివి వినిపించింది. సబ్జీ అంటే భోజనం పక్కన పెట్టుకునే పచ్చి ఆకుల పళ్ళెం. తులసి, ముల్లంగి, పుదీనా. బెమానీ ఇంట్లో ఆ మాటకు ఆ ఒక్కటే అర్థం. రెండు కాగితాలూ ఆ పళ్ళెం గురించే చెబుతున్నాయనుకుంది, అసలు పెట్టకపోతే రెండు మాటలూ విన్నట్టే అనుకుంది. అర్థమైందా అని నర్సు రెండుసార్లు అడిగింది. బెమానీ రెండుసార్లూ "చష్మ్" అంది. మీ మాట నా కంటి మీద అని.

"నిన్న మధ్యాహ్నం ఏం తిన్నారు?" అడిగింది డాక్టర్.

"షూలీ."

డాక్టర్ తబ్రీజ్ మనిషి. "అదేమిటి?"

"మా వైపు ఆష్ అండీ. చిక్కటి పులుసు."

"అది లేకపోతే మా ఊళ్ళో చలికాలమే రాదు," అన్నాడు రజబ్ అలీ.

"రాత్రి?"

"అదే."

"మొన్న?"

"అదే. బుధవారం నుంచీ అదే. మొక్కు కదా."

"ఎలా చేస్తారు?"

బెమానీ చాదర్ అంచును చంక కింద అదిమిపెట్టి రెండు చేతులూ బయటకు తీసింది. ఎవరడిగినా ఇలాగే వేళ్ళ మీద చెబుతుంది.

"పాలకూర రెండు కిలోలు. బీట్‌రూట్ ఆకు కిలో. పార్స్లీ నాలుగు కట్టలు, కొత్తిమీర నాలుగు. సోయాకూర రెండు. మెంతికూర ఒకటి చాలు, ఎక్కువైతే చేదొస్తుంది. ఉల్లికాడలు. ఎర్ర దుంప. పప్పు మసూరుదే, శెనగలు కాదు. పిండి కలిపి పోసి, చివర్లో వెనిగరు..."

ఆమె ఎడమ చేతి వేళ్ళు అయిపోయి కుడి చేతికి వచ్చింది. డాక్టర్ కలం కాగితం మీద ఆగి ఉంది. పాలకూర దగ్గరే ఆగింది.

"ఖానుం," అని మర్యాదగా పిలిచింది డాక్టర్. "ఇది సబ్జీ కాదా?"

"కాదు. ఆష్."

ఎవరూ నవ్వలేదు.

"నాలుగు గంటలు ఉడికిస్తానండీ," అంది బెమానీ. "క్రిమన్నది బతకదు."

డాక్టర్ కలం పక్కన పెట్టింది. "క్రిమి సంగతి వేరు. అది మొదటి కాగితం. రెండో కాగితం ఆకు గురించి. రక్తాన్ని గడ్డ కట్టించేది ఆ ఆకుల్లోనే ఉంటుంది. ఉడికినా పోదు. రాత్రి మాత్ర దాన్ని అడ్డుకోవడానికే. రోజూ కొంచెం తింటే ఆ కొంచాన్ని బట్టి మాత్ర కొలత వేస్తాం. మూడు నెలలు అసలు లేకుండా కొలత కుదిర్చాం. తర్వాత ఒక్కసారిగా... రోజుకి ఎన్ని గిన్నెలు తినేవారు?"

"మూడు."

"ఆరు రోజులు."

"ఆరు రోజులు," అంది బెమానీ.

ఆమె కుడి చేతి వేళ్ళు ఇంకా మడిచే ఉన్నాయి. మెంతికూర దగ్గర మడిచిన వేలు, ఉల్లికాడల దగ్గర మడిచిన వేలు. వాటిని ఒకటొకటిగా విప్పి ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మా, కాగితం చదివింది నేను," అంది రాహెలె. "నాకూ తట్టలేదు. నేనూ నీ పక్కన కూర్చుని ఆకులు ఏరాను."

రజబ్ అలీ లేచి వెళ్ళి నీళ్ళ గ్లాసు తెచ్చి తమ్ముడి కూతురి ముందు పెట్టాడు. తర్వాత ఇంకోటి తెచ్చి మరదలి ముందు పెట్టాడు.

డాక్టర్ ఫోన్ ఎత్తి మందు మొదలుపెట్టమని చెప్పింది. అప్పటికి తొమ్మిదీ ముప్పై ఐదు. ఫోన్ పెట్టేసి కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చుంది.

"మొక్కు అన్నారు. ఎవరెవరికి పంచారు?"

ఈ ప్రశ్న ఎక్కడికి వెళుతుందో రాహెలెకు ముందు అర్థమైంది. ఆమె చెయ్యి నోటి మీదికి వెళ్ళింది.

బెమానీ చెప్పింది. ఆయన ఊపిరి తీసుకుంటూ మెట్లెక్కితే నలభై గిన్నెల షూలీ పంచుతానని ఆపరేషన్ గది బయట మొక్కుకుంది. విడిదిలో కుండ చిన్నది. ఆయన వంతు పోను ఏడు గిన్నెలు వస్తుంది. ఐదు రోజులు ఏడేసి, ఆరో రోజు ఐదు. మొదటి గరిటె ఎవరి పేరున మొక్కామో వాళ్ళకి. మిగతాది ఇరుగుపొరుగుకి. మొక్కు గిన్నె తలుపు తడితే ఎవరూ వద్దనరు. వద్దనకూడదు. అడుగున మిగిలింది మళ్ళీ ఆయనకే.

ఇరుగుపొరుగంటే ఆ విడిదిలోని వాళ్ళే. ఊపిరితిత్తులు మార్పించుకుని, ఊరికి వెళ్ళే రోజు కోసం ఎదురుచూస్తూ అద్దెకున్నవాళ్ళు.

"నా రోగులు అక్కడ ఏడుగురున్నారు," అంది డాక్టర్. "ఈయన కాక మరో ఇద్దరికి ఈ మాత్ర ఉంది."

పదకొండుకు ఇద్దరినీ పిలిపించి రక్తం తీశారు. జంజాన్ నుంచి వచ్చిన ఫాఖెరె ఖానుం అంకె రెండూ పాయింట్ నాలుగు. "నీకు కోపమొస్తుందని చెప్పలేదు చెల్లీ. పులుపు నాకు పడదు. నీ గిన్నెలన్నీ మా అబ్బాయే తాగాడు" అంది వరండాలో. బెమానీ ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. గోర్గాన్ రొట్టెల కొట్టు యదుల్లాకు ఒకటీ పాయింట్ ఆరు. అతన్ని అప్పుడే వార్డులో చేర్చుకుని ఇంజెక్షన్ మొదలుపెట్టారు. మంచం ఎక్కుతూ అతను రజబ్ అలీతో, "మీ మరదలి చేతి వంట నన్ను చంపేట్టుందన్న మాట నిజమే గానీ హాజీ, అలాంటి ఆష్ మా ఊళ్ళో తాగలేదు" అన్నాడు. రజబ్ అలీ ఈ మాట బెమానీకి చెప్పలేదు.

ఒంటిగంటా పదిహేనుకు డాక్టర్ బయటకు వచ్చింది. గడ్డలో చాలాభాగం కరిగింది. రక్తపోటు నిలబడింది. ఆక్సిజన్ మాస్క్‌తో తొంభై ఒకటి ఉంది.

"బతుకుతాడా?" అంది బెమానీ.

"ఈ పూట నిలబడ్డాడు. ఈ రాత్రి సంగతి ఇప్పుడు చెప్పలేను. ఒకటి మాత్రం చెప్పాలి. కుడి ఊపిరితిత్తి కింది భాగానికి మూడు గంటలు రక్తం అందలేదు. అది ఇక పనిచేయదు."

"ఇచ్చినవాళ్ళకి ఏం చెప్పను?" అంది బెమానీ.

ఆ ఊపిరితిత్తులు ఇచ్చినవాళ్ళెవరో ఆమెకు తెలియదు. ఆసుపత్రి ఎవరికీ చెప్పదు. డాక్టర్ ఐదు నిమిషాలు లోపలికి వెళ్ళి రావచ్చని మాత్రం చెప్పింది.

హబీబుల్లా మాస్క్ కింద నిద్రపోవడం లేదు. బెమానీ మంచం పక్కన నిలబడింది.

"నా చేత్తోనే పెట్టాను," అంది.

అతను మాస్క్ ఎత్తాడు. "తెలుసు. నర్సు చెప్పింది."

"తియ్యకు. పెట్టుకో."

"మూడో గిన్నె నువ్వు పెట్టలేదు. నేనే అడిగాను." మాస్క్ పెట్టుకుని నాలుగు ఊపిర్లు తీసుకుని మళ్ళీ ఎత్తాడు. "రాహెలెను ఎవరూ ఏమీ అనలేదుగా?"

"మీ అన్న అన్నాడు."

"వాడు పుట్టినప్పుడే అంటూ పుట్టాడు." ఊపిరి. "నలభై అయ్యాయా?"

"అయ్యాయి. ఒకటి ఎక్కువే అయింది."

"ఎవరికి?"

బెమానీ చెప్పబోయి ఆగింది.

"ఆ అహ్వాజ్ పిల్లకా?" అన్నాడు హబీబుల్లా. "పొద్దున్నే వెళ్ళింది కదూ."

ఇబ్తిసాం. ఇరవై రెండేళ్ళు. ఆ విడిదిలో ఐదు నెలలున్న అమ్మాయి. వేరే డాక్టరు చేతిలో ఆపరేషన్ అయింది. ఊరికి వెళ్ళొచ్చని శనివారం కాగితం ఇచ్చారు. ఉదయం ఆరింటికి తల్లి నజీమెతో కలిసి మెట్లు దిగుతుంటే, నిన్న మిగిలిన షూలీని వేడిచేసి ఫ్లాస్కులో పోసి దారిలో తాగమని ఇచ్చింది బెమానీ. పదమూడు గంటల బస్సు ప్రయాణం, కాళ్ళు చాపుకోవడానికి ఉండదని ఆ పిల్ల గొణిగింది. వేడిగా తాగితే కాళ్ళలోకి సత్తువ వస్తుందని బెమానీ చెప్పింది. "మీ మాటా మా అమ్మ మాటా విని విని లావెక్కిపోతున్నా అత్తా" అని ఆ పిల్ల నవ్వింది. ఆరు రోజులూ ఆమె గిన్నె ఖాళీగా తిరిగొచ్చేది కాదు. కడిగి, రెండు ఖర్జూరాలు వేసి పంపేది.

"ఆ పిల్లది నా మాత్రే," అన్నాడు హబీబుల్లా. "మొన్న మెట్ల మీద కూర్చుని చూపించింది. గులాబీ రంగుది. ఎవరు ముందు మింగుతారో చూద్దాం బాబాయ్ అని..."

బెమానీ అతని మాస్క్ సరిగ్గా పెట్టింది. బయటికి నడిచింది. వరండాలోకి వచ్చాక పరుగెత్తింది.

ఒంటిగంటా యాభైకి రాహెలె మొదటి ఫోన్ చేసింది. ఇబ్తిసాం ఫోన్ ఆపేసి ఉంది. నజీమెకు ఫోన్ లేదు. బస్సు టికెట్లు ఆదివారం తన ఫోన్‌లో కొనిపెట్టింది రాహెలెయే. ఉదయం ఏడున్నర బస్సు, దక్షిణ టెర్మినల్ నుంచి. పదకొండు, పన్నెండు సీట్లు. కంపెనీ ఆఫీసులో ఒకతను డ్రైవర్ నంబరు ఇవ్వడం రూలు కాదన్నాడు. రజబ్ అలీ ఫోన్ లాక్కున్నాడు. "బాబూ, నీకు అక్కచెల్లెళ్ళున్నారా? ఉంటే రూలు కట్టిపెట్టి నంబరు చెప్పు." అతను చెప్పాడు.

మూడుసార్లు సిగ్నల్ అందలేదు. రెండూ ముప్పై ఐదుకు డ్రైవర్ ఎత్తాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి రాహెలె మాట్లాడింది. డాక్టర్ పర్తోవీ పక్కనే నిలబడింది. బెమానీ గోడకు ఆనుకుంది.

"కొండ దారిలో ఉన్నానమ్మా, తొందరగా చెప్పు."

"పదకొండు, పన్నెండు సీట్లలో ఒకమ్మాయి, వాళ్ళమ్మ. ఒక్కసారి ఫోన్ వాళ్ళకివ్వండి."

"ఆ సీట్లు ఖాళీ."

"ఖాళీ ఏమిటి? టికెట్ నేనే కొన్నా."

"కొని ఉంటావమ్మా. బురూజెర్ద్ దగ్గర భోజనానికి ఆపాను, ఒకటీ ఇరవైకి. అక్కడ దిగిపోయారు. పెద్దావిడ సామాను కూడా దింపించుకుంది."

"ఎందుకు దిగారు?"

"నాకేం అర్థమైంది? ఆవిడ అరబ్బీలో ఏదో మొత్తుకుంటోంది. పిల్ల కాలు కింద మోపలేకపోయింది. ఎడమదో కుడిదో చూళ్ళేదు. అంబులెన్స్ పిలవనా అన్నాను. పిల్లే వద్దంది. ఏం లేదు, మీకు శ్రమ అక్కర్లేదు, మీరు వెళ్ళండి అంది. ఎవరో జీపతను ఎక్కించుకుంటానన్నాడు."

"ఎక్కడికి?"

ఫోన్ కట్ అయింది. తర్వాత చేసిన నాలుగుసార్లూ అందలేదు.

డాక్టర్ పర్తోవీ తన గదిలోంచి బురూజెర్ద్‌కు ఫోన్లు చేసింది. మూడు గంటల ఐదు నిమిషాలకు ఆ ఊరి ఆసుపత్రులన్నిటి నుంచీ జవాబు వచ్చింది. ఇబ్తిసాం పేరుతో ఎవరు గానీ, ఆ వయసు అమ్మాయి గానీ ఎక్కడా చేరలేదు. జీపు వాళ్ళని ఎటు తీసుకెళ్ళిందో చెప్పేవాళ్ళు లేరు.